మాండ్రియన్‌కి దారి ఖర్జూర తోటలోంచే

పిల్లలకి ఆధునిక చిత్రకళ నేర్పాలనగానే చాలామంది ఒక పేరున్న బొమ్మ ఎదురుగా పెట్టి, అచ్చం అలాగే వెయ్యమంటారు. చెయ్యి తిరిగితే తిరగొచ్చు గానీ, ఆ చిత్రకారుడు అలా ఎందుకు వేశాడో పిల్లవాడికి అందదు. ఆయన తనకు తాను పెట్టుకున్న చిక్కుముడిని పిల్లల చేతికివ్వాలి. చేయిస్తూ కళాచరిత్ర చెప్పే పద్ధతికి ప్రాణం అదే. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో పెరిగే తెలుగు పిల్లలకి ఇందుకు కావలసినవన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి.

ఊరి నడుమ ఒయాసిస్‌లో లక్షా 47 వేల దాకా ఖర్జూర చెట్లు, వాటి మధ్య ఫలజ్ కాలువలు. ఒక చెట్టు ఎదుట కూర్చోబెట్టి, దాన్నే నాలుగుసార్లు వేయించండి. మొదటిసారి కనిపించినదంతా వెయ్యాలి. మట్టలు కోసేసిన గుర్తులతో గరుకుగా ఉన్న మాను, గెలలు, పక్కనున్న మట్టిగోడ. రెండోసారి ఆకులు వద్దు. మూడోసారి వంకర గీతలు వద్దు. నాలుగోసారి నిలువు, అడ్డ గీతలే. ఎరుపు, పసుపు, నీలం తప్ప వేరే రంగు ముట్టుకోకూడదు. మాను నిలువు గీతవుతుంది, కాలువ అడ్డగీతవుతుంది. ఏది తీసేశాక కూడా అది చెట్టే, ఏది తీసేస్తే కాదు అని పిల్లల్లో తగువు మొదలవుతుంది. ఆ తగువు పెద్దవాళ్లు తీర్చకూడదు. డచ్ చిత్రకారుడు పీట్ మాండ్రియన్ 1908 నుంచి కొన్నేళ్లపాటు చెట్లని మళ్లీ మళ్లీ వేస్తూ, కొమ్మల్ని ఉత్త గీతలదాకా తెచ్చాడు. 1922లో ఆయన నిలువు, అడ్డ గీతలతో వేసిన చిత్రమొకటి అబుదాబి లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉంది. నాలుగు చెట్లు వేసిన పిల్లలు దాన్ని చూసి “గళ్లేగా” అనరు. ఏమేం తీసేశాడో వెతుకుతారు.

ఆధునిక కళంతా యూరప్‌దే అనుకోనక్కర్లేదు. ఎమిరేట్స్‌లో దానికి బాట వేసిన హసన్ షరీఫ్ (1951–2016) పత్రికలకి కార్టూన్లు గీసిన మనిషి. లండన్‌లో చదువుకుని 1984లో పట్టా పుచ్చుకున్నారు. బజార్లో దొరికే చవక చెప్పులు, తాళ్లు, అట్టలు కోసి, ముడేసి, కుప్పలుగా పోసి శిల్పాలు చేశారు. ఇంటికొచ్చే పార్శిల్ అట్టల్ని అరచేయంత ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ తాడుతో ఒకే రకం ముడి వేయించండి. కాసేపటికి విసుగొస్తుంది. అది దాటాక ముడి బిగువు మీద, వరస మీద చేతికి పట్టింపు వస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పాఠం ఇదే.

2024 వెనిస్ బినాలే కళాప్రదర్శనలో ఎమిరేట్స్ తరఫున నిలిచిన అబ్దుల్లా అల్ సాదీ తన నడకల్ని బొమ్మలుగా, పటాలుగా మార్చి రేకు డబ్బాల్లో దాస్తారు. ఖాళీ బిస్కెట్ డబ్బా, పొడుగాటి కాగితపు చుట్ట ఉంటే ఆ పాఠం కూడా నడుస్తుంది. మన తెలుగు చిత్రకారుడు తోట వైకుంఠం దగ్గరికొచ్చినా ఇదే పద్ధతి. ఆయన స్త్రీల బొమ్మకి నకలు వద్దు. ఊళ్లో ఉన్న అమ్మమ్మని వీడియో కాల్‌లో చూస్తూ, నాలుగు రంగులతోనే వెయ్యమనండి.

న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో విక్టర్ డి'అమికో 1942లో పిల్లల ఆర్ట్ కార్నివాల్ మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వలేదు. ఎందుకో మనకి తెలుసు. బొమ్మ వంకర పోతుంటే మన చెయ్యి ఊరుకోదు.

చలికాలంలో ఒక సెలవురోజు ఉదయం పిల్లల్ని ఒయాసిస్‌కి తీసుకెళ్లండి. పెన్సిల్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. బాగుందా లేదా అన్న మాట పక్కనపెట్టి, రెండో బొమ్మలో ఏం తీసేశావని అడగండి.