పక్క అక్షరాన్ని చూసి

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే చదువుకోవడానికి ఫ్లెక్సీలకు కొదవుండదు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథం కదిలే రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. పైన స్వామివారి పేరు, కింద నాయకుల ముఖాలు. ఆ పేర్లు చాలామటుకు బాపు గారి రాతలోనే ఉంటాయి, అంటే ఆయన రాతను అనుకరించే కంప్యూటర్ ఫాంటులో. ఆయన 1933లో పుట్టింది ఏటికి అవతల నరసాపురంలోనే లెండి.

పుస్తకాల అట్టల మీద పేర్లు రాయడం నా పని. కుంచెతోనూ రాస్తాను, టాబ్లెట్ మీదా రాస్తాను. ఏది గొప్పదంటే చెప్పలేను. ఒత్తితే గీత లావెక్కడం ఇప్పుడు గాజు పలక మీదా జరుగుతోంది. తేడా ఇంకోచోట ఉంది.

'లక్ష్మీనరసింహస్వామి' అని రాసి చూడండి. 'క్ష్మీ' దగ్గర ష వత్తు, మ వత్తు రెండూ కిందికి దిగుతాయి. సరిగ్గా వాటి కిందే 'దివ్య కల్యాణం'లోని గుడి తగిలితే? ఫ్లెక్సీ షాపులో వరుసల మధ్య ఖాళీ పెంచేస్తారు. ఒక్క వత్తు కోసం బోర్డంతా వదులైపోతుంది. పెయింటరైతే మ వత్తును కాస్త చిన్నది చేసి పక్కకు జరుపుతాడు, కింద గుడిని కొంచెం అణుస్తాడు. పడవలకు పేర్లు రాసే ఒకాయన్ని అడిగితే, "పక్కోణ్ణి చూసి సర్దుకు కూర్చోవాలండీ అక్షరం" అన్నాడు.

బాపు గారి చెయ్యి అలా సర్దుకునేది. నవల అట్టయినా సినిమా టైటిలైనా, ఒక అక్షరం తోక పక్కదానికి చోటిచ్చేది. ఫాంటులో ఉన్నది మాత్రం ఒకటే 'ల'. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ అదే దిగుతుంది.

నేరం కంప్యూటర్‌దని మాత్రం అనను. మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో, ఒకే అక్షరానికి నాలుగైదు రూపాలు పెట్టుకుని పక్కన ఏముందో చూసి తగినది వేసే ఏర్పాటు ఉంది. కింది వరుసను చూడటం దానికీ రాదు, పక్కదాన్ని చూడగలదు. ఉర్దూ నస్తాలీఖ్ ఫాంట్లు దాని మీదే నడుస్తున్నాయి. మనం వత్తుల్ని వాటి చోట కూర్చోబెట్టుకోవడం వరకే వాడుకుని ఊరుకున్నాం. ఒక 'ల' బదులు నాలుగు గీయాలంటే నాలుగింతల పని. ఫాంటుకు డబ్బులిచ్చే అలవాటా, మనకు లేదు.

ఈమధ్య నేను కాగితం మీద కుంచెతో 'ల'కు నాలుగు రూపాలు రాసి, కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఓ కుర్రాడికిచ్చాను. "ఇన్నెందుకు సార్?" అన్నాడు.

"గలగల అని కొట్టి చూడు" అన్నాను.