నిందాస్తుతి నుంచి న్యాయాపేక్షకు: దివిసీమ ఉప్పెనల నేపథ్యంలో ఆంధ్రనాయక శతకం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను తలచుకొనే సందర్భాలలో తరచుగా రెండు స్వరాలు వినిపిస్తాయి. ఒకటి మృతులకు నివాళి, రెండవది విధిని తలచి విడిచే నిట్టూర్పు. అదే సీమలో ఈ రెండింటికీ భిన్నమైన స్వరం అంతకు చాలాకాలం ముందే పలికింది. పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలోని నిందాస్తుతి ఆ స్వరం. ఆపద మళ్లీ మళ్లీ వచ్చే నేలపై రేపటి మీది ఆశ ఓదార్పులో కాక, రక్షకుని నిలదీసే చొరవలో ఉంటుందని, అందుకు తగిన నుడికారాన్ని ఈ శతకం ఇస్తుందని ఈ వ్యాస ప్రతిపాదన.

కృష్ణాతీరాన వెలసిన శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును సంబోధిస్తూ సాగే ఈ సీసపద్య శతకాన్ని వ్యాజస్తుతికి ఉదాహరణగా చదవడం పరిపాటి. అందులో ప్రసిద్ధమైన ఒక పద్యం భావం ఇది: లోకభారం మోసేవాడన్న పేరు భూదేవి వల్ల, కోర్కెలు తీర్చేవాడన్న ఘనత లక్ష్మి వల్ల, పతితపావనుడన్న ఖ్యాతి కూతురు గంగ వల్ల స్వామికి దక్కాయి, స్వతహాగా ఆయన దామోదరుడే. ఈ పేరులోని శ్లేష నవ్విస్తుంది. అయితే ఆ నవ్వు వెనుక ఒక లెక్క ఉంది. కీర్తి ఎవరిది, దానిని సంపాదించిపెట్టినది ఎవరు అన్నదే ఆ లెక్క.

ఆ లెక్కలో కనిపించే నేల, సిరి, నది డెల్టా జీవనానికీ ఆధారాలే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణా డెల్టా ధాన్యాగారంగా పేరు పొందింది. ఆ పేరు తెచ్చిన కౌలురైతు, కూలీ, ఆ నేల అంచున సముద్రాన్ని నమ్ముకొన్న మత్స్యకారుడు మాత్రం కీర్తిలో వాటా పొందలేదు. నేడు గుడివాడ పరిసరాల మాగాణి చేపల చెరువులుగా మారుతున్నది. తీరం వెంట ఉప్పునీరు లోపలికి చొరబడుతున్నది. సముద్రమట్టం పెరిగే కాలంలో కాలువ శివారు భూములపై బతికేవారే ముందుగా నష్టపోతారు. పురుషోత్తమకవి వేసిన లెక్కను ఇక్కడ తిరిగి వేయవలసి ఉంది.

విధివాదాన్ని తీరచరిత్రే ఖండిస్తుంది. 1864 తుపానులో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. 1977లో అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటిన తీవ్ర తుపానులో మృతుల సంఖ్య వెయ్యిలోపే. గాలి, కెరటం రెండు సందర్భాలలోనూ ఒకే తీరుగా ఉండవన్నది నిజమే. అయినా ఈ తేడాలో ముందస్తు హెచ్చరికకు, లక్షలాది జనాన్ని తరలించడానికి, తుపాను రక్షిత భవనాలకు ప్రధానమైన వాటా ఉంది. చావును తగ్గించగల ఏర్పాటు మనుషుల చేతిలో ఉన్నప్పుడు దాని లోపం విధి కాదు, బాధ్యతాలోపం.

భక్తుని చనువును పౌరుని నిరసనగా చదవడం కాలవిరుద్ధం కాదా అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. సంస్థానాశ్రయంలో ఉన్న కవి శతకంలో పల్లెకారుని గొంతు వెదకడం కూడా వ్యర్థమే. ఈ పరిమితులను అంగీకరించిన తరువాత కూడా ఒక లక్షణం మిగులుతుంది. నిందించే భక్తుడు స్వామిని విడిచిపోడు. తనను కాచుకోవలసిన బాధ్యత ఆయనదేనన్న నమ్మకంతోనే నిందిస్తాడు. నిరాశ చెందినవాడు ఫిర్యాదు చేయడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో దండయాత్రల వేళ స్వామిని అధిక్షేపించిన తీరులోనూ ఈ తర్కమే కనిపిస్తుంది.

కనుక ఉప్పెన సాహిత్యాన్ని అంచనా కట్టేటప్పుడు కరుణరసపోషణ ఒక్కటే కొలమానం కారాదు. ఆ రచన ఎవరిని సంబోధిస్తున్నది, ఏ మాటను గుర్తుచేస్తున్నది, ఎవరి శ్రమకు పేరు తిరిగి ఇస్తున్నది అన్న ప్రశ్నలు వేయాలి. మడ అడవులను నరికినదెవరు, కరకట్ట ఎవరి ఊరి ముందు ఆగిపోయింది, హెచ్చరిక ఏ గుడిసె వరకు చేరింది అని అడిగే రచన మృతులను మరచినట్లు కాదు. అది వారి పక్షాన మాట్లాడినట్లు. అటువంటి రచనకు కావలసిన భాష దివిసీమకు కొత్త కాదు.