అమ్మ పేరు అడిగే కాగితం

మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు మా జహీరాబాద్‌లో మసీదు మెట్ల కింద నలుగురైదుగురు తల్లులు నిలబడి ఉంటారు. చంకలో పిల్లలు, చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసులో నీళ్లు. కొందరి నుదుట బొట్టు, కొందరికి బురఖా. నమాజు చేసి బయటికొచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, పెదవుల్లోనే ఏదో చదివి, పిల్లవాడి నెత్తి మీద, గ్లాసులో నీళ్ల మీద మెల్లగా ఊది పోతారు. పైసలు అడగరు. ఎవరి పిల్లలని అడగరు. ఉర్దూలో దీన్ని దమ్ అంటారు. మా ఇళ్లల్లో మాత్రం 'ఊదిపిచ్చుకొచ్చుడు'. నన్ను మా నాయనమ్మ అట్లా ఎన్ని సాయంత్రాలు ఎత్తుకుపోయిందో లెక్కలేదు.

మాది మెథడిస్టు సంఘం. నాయనమ్మ ఆదివారం తెల్లచీర కట్టకుండా ఉండేది కాదు. అక్షరాలు రాకపోయినా బైబిలు తలగడ కింద పెట్టుకునే పడుకునేది. అటువంటి మనిషి మసీదు మెట్ల దగ్గర నిలబడ్డదని సంఘంలో ఎవరో అయ్యగారి చెవిన వేశారు. ఆయన ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చొని, ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం తీసి చదివాడు. సోదె, శకునం, చిల్లంగి, కర్ణపిశాచి, వీటి జోలికి దేవుని ప్రజలు పోరాదు. నాయనమ్మ చివరిదాకా విని ఒక్కటే మాట అన్నది: "అయ్యగారూ, మీరు నెలకోపాలి వస్తరు. పిలగాని జొరం ఇయ్యాల వచ్చె."

ఆ అధ్యాయంలోని మాటల గురించి పెద్దయ్యాక చాలా ఆలోచించాను. చిల్లంగి, కర్ణపిశాచి, సోదె. ఇవి యెరూషలేములో పుట్టిన మాటలు కావు, మన ఊళ్ల మాటలు. బైబిలును తెలుగు చేసినవాళ్లు హెబ్రీ మాంత్రికుడికి మన పల్లె మాంత్రికుడి పేరే పెట్టారు. దాంతో మా వాళ్లకు వేల ఏళ్ల కిందటి ఆజ్ఞ పక్క వాడ గురించి చెప్పినట్టే వినిపించింది. సమూయేలు మొదటి గ్రంథంలో సౌలు రాజు కథ నాయనమ్మకు బాగా ఇష్టం. కర్ణపిశాచి గలవాళ్లందరినీ దేశం నుంచి వెళ్లగొట్టిన రాజే, దేవుడు పలకడం మానేశాక మారువేషంలో రాత్రిపూట ఏన్దోరులో ఒక స్త్రీ దగ్గరికి పోతాడు. రేపటి యుద్ధంలో తనకు చావు తప్పదని తెలిసి నేల మీద పడిపోతాడు. పగలూ రాత్రీ ఏమీ తినని ఆ రాజుకు ఆమే దూడను కోసి, రొట్టెలు కాల్చి పెడుతుంది. ప్రసంగాల్లో ఆ స్త్రీని పాపి అంటారు. నాయనమ్మ ఎప్పుడూ ఆ రొట్టెల గురించే చెప్పేది.

ఒకసారి నాకు జ్వరం పది రోజులు దాటింది. సర్కారు దవాఖానలో సూదులు వేస్తూనే ఉన్నారు. పగలు దవాఖాన, రాత్రి ప్రార్థన, మధ్యలో ఊదించడం, మూడూ నడుస్తున్నాయి. అప్పుడు నాయనమ్మ నన్ను ఒక ముసలి మౌల్‌సాబ్ దగ్గరికి తీసుకుపోయింది. చిన్న గది, చాప, ముందు ఒక పీట. ముఖం, కాళ్లు, చేతులు కడుక్కొని, వజూ చేసి వచ్చి కూర్చొని, గులాబీ నీళ్లలో నానిన కుంకుమపువ్వులో రెల్లు కలం ముంచాడు. నన్ను చూడలేదు, నాయనమ్మను అడిగాడు.

"పిలగాని పేరేందమ్మా?"

చెప్పింది.

"తల్లి పేరు?"

నాయనమ్మ తడబడింది. మా అమ్మకు రెండు పేర్లు. సంఘం పుస్తకంలో మార్త, ఇంట్లో వాడలో మల్లమ్మ. రెండూ చెప్పింది. "ఇంట్ల ఏమని పిలుస్తరు?" అన్నాడాయన. మల్లమ్మనే అన్నది. ఆయన రాసి, మడిచి, మైనం గుడ్డ చుట్టి, రాగి గొట్టంలో పెట్టి, నల్లదారం కట్టాడు. ఇంకో కాగితం మీద రాసింది గిన్నెలో కడిగి, పసుపుపచ్చటి ఆ నీళ్లు నాతో తాగించాడు. వచ్చేముందు నాయనమ్మ అడిగింది, ఎవరి కండ్లు పడ్డయి మౌల్‌సాబ్, ఎవరన్నా చేసిన్రా అని. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "నీకు జొరం తగ్గాల్నా, మంది పేర్లు గావాల్నా?"

జ్వరం తగ్గింది. సూదులతో తగ్గిందని నా నమ్మకం, నాయనమ్మ నమ్మకం వేరు. దాని మీద ఆమెతో ఎప్పుడూ వాదించలేదు.

తొమ్మిదో తరగతిలో ఆ గొట్టం విప్పాను. మూడు అడ్డం, మూడు నిలువు, తొమ్మిది గళ్లు. ఉర్దూ అంకెలు నాకు రావు, ఉర్దూ మీడియం చదివే దోస్తు చదివిపెట్టాడు. పై వరుసలో 36, 41, 34. నడిమి వరుసలో 35, 37, 39. కింద 40, 33, 38. ఎటు కూడినా, అడ్డంగా, నిలువుగా, మూలగా, 111. లెక్కల సారు బోర్డు మీద వేసే పొడుపులాగా ఉంది. నాయనమ్మ చూసి రెండు దెబ్బలు వేసి, మళ్లీ మడిచి తన బైబిల్లో పెట్టుకుంది.

ఆ లెక్క వెనక ఉన్న పద్ధతి తెలిసింది చాలా ఏళ్లకు. అరబ్బీ అక్షరాలకు విలువలున్నాయి. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4. అబ్జద్ అంటారు. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలన్నీ కూడితే 786 వస్తుంది. మన ఆటోల మీద, దుకాణాల గల్లాల మీద కనిపించే అంకె అదే. గళ్లు నింపడానికి ఒక సూత్రం ఉంది. మొత్తంలో 12 తీసేసి మూడుతో భాగిస్తే మొదలుపెట్టాల్సిన అంకె వస్తుంది. 786కు 258. ఆ తొమ్మిది గళ్ల నడుమ 262 కూర్చుంటుంది. అన్నిటికన్నా చిన్నది 1 నుంచి 9 దాకా ఉండే గడి, మొత్తం 15. దాని నాలుగు మూలల్లో ఉండే 2, 4, 6, 8 అంకెలను అక్షరాలు చేస్తే 'బుదూహ్' అవుతుంది. పాత తావీజుల మీద, అంటే తాయెత్తుల మీద, ఆ మాట ఒక్కటే రాసి ఉండటం కద్దు.

హెబ్రీ అక్షరాల వరసా ఇదే. ఆలెఫ్ 1, బేత్ 2, గిమెల్ 3, దాలెత్ 4. యూదులు దీన్ని గెమట్రియా అంటారు. పదిహేనును వాళ్లు పది, అయిదు అక్షరాలతో రాయరు, తొమ్మిది, ఆరుతో రాస్తారు. ఎందుకంటే పది, అయిదు పక్కపక్కన పెడితే దేవుని పేరులోని అక్షరాలవుతాయి. అంకె రాసేటప్పుడు కూడా దేవుని పేరు చేతికి తగలకూడదన్న ఆ జాగ్రత్త తెలిసినప్పుడు, నాకు వజూ చేసుకొచ్చిన మౌల్‌సాబ్ తడిచేతులు గుర్తొచ్చాయి.

1979లో యెరూషలేములో కెతెఫ్ హిన్నోమ్ అనే చోట గాబ్రియెల్ బర్కాయ్ తవ్వకాల్లో రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. చుట్టగా చుట్టి, దారం గుచ్చి మెడలో వేసుకునేవి. సుమారు 2,600 ఏళ్ల నాటివి. విప్పి చూస్తే అందులో సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని యాజకుల దీవెన ఉంది. బైబిలు వాక్యాల్లో మనకు దొరికిన అతి పాత రాత అదే. ఆరాధన చివర అయ్యగారు చెయ్యెత్తి కొన్నిసార్లు చెప్పే దీవెన అది. అంటే మా పరిశుద్ధ గ్రంథపు వాక్యం తొలిసారి మన కంటికి కనబడింది పుస్తకంగా కాదు, తాయెత్తుగా. సంఖ్యాకాండంలోనే ఒక అధ్యాయం వెనక్కి పోతే, యాజకుడు శాపాలు రాసి, ఆ రాతను నీళ్లలో కడిగి, భర్త అనుమానించిన స్త్రీతో తాగిస్తాడు. కుంకుమపువ్వు నీళ్లు తాగిన నాకు ఆ అధ్యాయం చదవడం కష్టంగా ఉంటుంది. పద్ధతి ఒకటే. నాకు నయం కావాలని తాగించారు, ఆమెను నిలదీయడానికి తాగించారు.

ఇక తల్లి పేరు. ఇరాక్‌లో నిప్పూరు వంటి చోట్ల ఇళ్ల నేలల కింద బోర్లించిన మట్టి గిన్నెలు దొరికాయి. దాదాపు 1,500 ఏళ్ల నాటివి. లోపలి వైపు సుడిలాగా అరమాయిక్ మంత్రాలు. దయ్యాలను కట్టడి చేయడానికి యూదులు, వాళ్ల ఇరుగుపొరుగులు రాయించుకున్నవి. ఆ గిన్నెల్లో మనిషిని పిలిచేది ఎక్కువగా తల్లి పేరుతోనే. ఫలానా ఆమె కొడుకు, ఫలానా ఆమె బిడ్డ. మంత్రంలో తల్లి పేరే చెప్పాలన్న మాట యూదుల ధర్మగ్రంథం తల్ముదులో ఉంది. ఇప్పటికీ యూదులు రోగి కోసం ప్రార్థించేటప్పుడు తల్లి పేరుతోనే పిలుస్తారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులుగా బతుకుతున్న తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లకొక సినగాగు ఉంది. బాబిలోను నుంచి చేబ్రోలు దాకా, మా ఎర్రనేల దాకా, తల్లి పేరు అడిగే ఈ ప్రశ్న ఎన్ని నోళ్లు మారి వచ్చిందో.

పెద్దలు మాత్రం మూడు మతాల్లోనూ ఈ మంత్రాలతో, తాయెత్తులతో పేచీ పడుతూనే వచ్చారు. గాయం మీద నిర్గమకాండంలోని స్వస్థత వాక్యం గొణిగేవాడికి రాబోయే లోకంలో పాలు లేదన్నాడు రబ్బీ అకీవా. మా వాళ్ల ఇళ్లల్లో అదే వాక్యం అద్దం కట్టించి గోడకు వేలాడుతుంది. మూడుసార్లు నయం చేస్తే తాయెత్తు పరీక్ష నెగ్గినట్టేనని ఇంకోచోట తల్ముదే చెబుతుంది. ఖురాన్‌లో ఫలఖ్ సూరా ముడుల మీద ఊదేవాళ్ల కీడు నుంచి శరణు కోరుతుంది. పిల్లల మీద చదివి ఊదేవాటిలో ఆ సూరా కూడా ఒకటి. తావీజు కట్టడం తప్పనే మతపండితులు, ఆలిములు, మా ఊళ్లోనే ఉన్నారు, చదివి ఊదడం వరకు సరే అంటారు. అపొస్తలుల కార్యాల్లో ఒకే అధ్యాయం, పందొమ్మిదోది. అందులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు రోగుల దగ్గరికి పోతాయి, దయ్యాలు వదులుతాయి. కొన్ని వచనాల తర్వాత ఎఫెసులో మంత్రపు పుస్తకాలు తగలబెడతారు, వాటి వెల యాభై వేల వెండి రూకలు. ఏది ప్రార్థన, ఏది మంత్రం? ఆ గీత గీయడం నా వల్ల కాలేదు.

ఇంకో గీత మాత్రం నాకు చిన్నప్పుడే కనబడింది.

నాయనమ్మ పుట్టింటి ఊరికి పోతే, చావడి అరుగు మీద ఒక ముసలాయన కూర్చొని ఉండేవాడు. మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ముందు పళ్లు లేవు. మాటలు గాలిపోతుంటే మేం పిల్లలం నవ్వేవాళ్లం. ఒకరోజు నాయనమ్మ నన్ను రెక్క పట్టి ఇంటికి గుంజుకొచ్చి చెప్పింది. ఆ ఊళ్లో ఇద్దరు పిల్లలు వరసగా చనిపోతే, ఎక్కడికో పోయి అడిగించుకొచ్చారట. తూర్పు దిక్కు ఇల్లు, ఒంటరి మనిషి అని చెప్పాడట ఆ చూసేటాయన. ఊరు ఊరంతా కలిసి ఆయన పళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదు, బాణామతి పారదు అని. ఉమ్మడి మెదక్ జిల్లాలో ఆ మాట పేరుతో ఎంత నెత్తురు పోయిందో మా తరానికి తెలుసు. పక్కనే కర్ణాటకలోని బీదరు, గంటలోపు ప్రయాణం. కర్ణాటక 2017లో చేతబడి, అమానుష ఆచారాల మీద చట్టం చేసింది. అంతకుముందు మహారాష్ట్ర చేసింది, 2013లో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపిన తర్వాత. దేశానికంతా 1954 నాటి చట్టం ఒకటుంది. రోగాలు నయమవుతాయని తాయెత్తులకు, మంత్రాలకు, కవచాలకు ప్రకటనలు వేయడం నేరమంటుంది. బస్టాండు గోడల మీద బాబాల కాగితాలు చూసినప్పుడల్లా ఆ చట్టం గుర్తొస్తుంది.

ఖురాన్ రెండో సూరా 102వ వాక్యంలో బాబిలోను దేవదూతలు హారూత్, మారూత్‌ల ప్రస్తావన ఉంది. మేము పరీక్ష మాత్రమేనని హెచ్చరించాకే నేర్పేవాళ్లు. అయినా జనం వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఏమిటంటే, భార్యాభర్తలను విడదీసే విద్య. మంత్రం చేసే కీడుకు ఆ వాక్యం ఇచ్చిన ఉదాహరణ మనుషులను విడగొట్టడం. ఊరిని విడగొట్టే చూసేటాయన ఆ లెక్కలోకే వస్తాడు. మా మౌల్‌సాబ్ రాడు. ఆయన దగ్గర అడగాల్సిన పేర్లు రెండే, పిల్లవాడిది, తల్లిది. మూడో పేరు ఆయన గదిలో ఎప్పుడూ పుట్టలేదు.

ఇట్లాంటి గదులు కొత్తవి కావు. జాఫర్ షరీఫ్ అనే దక్కన్ మనిషి ఇక్కడి ముస్లింల ఆచారాలన్నీ రాస్తే, మద్రాసులోని డాక్టర్ హెర్‌క్లాట్స్ అనువదించి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పేరు ఖానూన్-ఎ-ఇస్లాం. తావీజుల గళ్లు, దయ్యాలు వదిలించే పద్ధతులు అందులో వివరంగా ఉన్నాయి. హైదరాబాద్‌లో తావీజులు రాసిన ఒక ముస్లిం అమ్మ గురించి జాయిస్ ఫ్లూకిగర్ 2006లో పుస్తకం వేసింది. ఆడవాళ్లు ఈ పని చేయడం అరుదు. ఆమె గదికి హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు వచ్చేవాళ్లు. రచయిత్రి ఆ గదిని చౌరస్తాతో పోల్చింది. ఆ పుస్తకం చదువుతుంటే నాకు చాప, పీట, పసుపుపచ్చటి నీళ్లు కళ్లముందు మెదిలాయి.

నాయనమ్మ పోయాక బైబిలు నాకొచ్చింది, కాగితంతో సహా. అప్పటికి అబ్జద్ లెక్క నాకు తెలుసు. ఒక రాత్రి కూర్చొని 111 ఎక్కడిదని వెతికాను. అల్లాకున్న పేర్లలో కాఫీ ఒకటి, చాలినవాడు అని అర్థం. కాఫ్ 20, అలిఫ్ 1, ఫే 80, యే 10. మొత్తం 111. సరిపోయింది అనుకొని కలం కింద పెట్టబోతూ, ఎందుకో మల్లమ్మ అని ఉర్దూలో రాశాను. మీమ్ 40, లామ్ 30, మళ్లీ మీమ్ 40, చివర అలిఫ్ 1.

మరుసటి రోజు అమ్మకు చూపించాను. మౌల్‌సాబ్ తావీజు రాసిన రోజు ఆమె చెరుకు కోతలో ఉంది, ఆ సంగతి అప్పుడు ఆమెకు తెలియదు. "మార్త అని రాయలేదా?" అన్నది. లేదన్నాను. కాగితం అందుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని, కుంకుమరంగు వెలిసిపోయిన నడిమి గడి మీద వేలు పెట్టి, "ఏడున్న ఇండ్ల నేను?" అని అడిగింది.