పిట్ట వెనక మసక

ప్రకృతి ఫోటోలో మనిషి జాడ కనపడకూడదని ఒక నియమం ఉంది. ఇది ఒకరిద్దరు ఔత్సాహికుల చాదస్తం కాదు. ఫోటోగ్రఫీ అంతర్జాతీయ సమాఖ్య, అమెరికా ఫోటోగ్రఫిక్ సొసైటీ, బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రఫిక్ సొసైటీ 2014లో కలిసి ఒప్పుకున్న నిర్వచనం. మనిషి మార్చిన పరిసరాలకు అలవాటుపడిన గుడ్లగూబలు, కొంగల వంటి వాటికి అందులో సడలింపు ఉన్నమాట నిజమే. కాని పోటీలకు బొమ్మలు పంపే మనవాళ్లు సడలింపును వదిలేసి నియమాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. కంచె కనపడకూడదు, కరెంటు తీగ కనపడకూడదు, మేకల మంద అసలే కనపడకూడదు. ఈ నియమం వెనక ఒక దృక్పథం ఉంది. మనిషి లేనిదే ప్రకృతి అనీ, శ్రమ తగలనిదే అందమనీ అనుకునే దృక్పథం అది. దీన్ని సాహిత్యంలో మనం ఎన్నాళ్లుగానో ఎదుర్కొంటున్నాం. కెమెరా చేతబట్టి వచ్చేసరికి మాత్రం గుర్తుపట్టలేకపోతున్నాం.

ఈ మాట గాలిలోంచి తీసింది కాదు. కడపలో ఇటీవల ఇద్దరు ఔత్సాహికులు కలిసి పెట్టిన ప్రదర్శన చూశాను. ఒకరు కాలేజీ లెక్చరరు, సెలవుల్లో అడవులు, చెరువులు తిరిగి ఫోటోలు తీస్తారు. రెండోవారు ఆర్టీసీలో బస్సు బాడీల వడ్రంగం చేసి రిటైరైన కార్మికుడు, ఇప్పుడు తీరిక వేళల్లో జంతువుల బొమ్మలు చెక్కుతున్నారు. ఇద్దరికీ వస్తువు ఒకటే: ఈ చుట్టుపక్కల కనపడే జీవాలు. చూపు మాత్రం ఒకటి కాదు.

ఫోటోల నాణ్యతకు వంక పెట్టలేం. పాలపిట్ట రెక్క విప్పిన క్షణం, లకుముకి పిట్ట ముక్కున చేప మెరిసిన క్షణం పట్టుకోవాలంటే ఎంత ఓపిక కావాలో ఊహించగలం. కాని నలభై ఫోటోలు చూసేసరికి ఒక సంగతి ఇబ్బంది పెట్టింది. ప్రతి పిట్ట వెనకా ఒకే పచ్చటి మసక. పొడుగాటి లెన్సుకు అపర్చరు పూర్తిగా తెరిస్తే వెనకనున్నదంతా కరిగిపోతుంది. అది చెరువుగట్టా, వేరుశనగ చేనా, గనుల లారీలు తిరిగే దారా అన్నది చూసేవాడికి తెలియదు. చిత్రం కింద కెమెరా పేరు, లెన్సు కొలత, షట్టరు వేగం రాశారు. ఊరి పేరు రాయలేదు. గూడు కట్టిన చోటు బయటపెడితే పట్టేవాళ్లు వస్తారన్న భయం న్యాయమైనదే. అందుకు చెట్టు ఏదో దాచాలి గాని, ఆ పిట్ట మెట్టపొలంలో బతుకుతోందా, మాగాణిలోనా అన్నదీ దాచాలా?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఈ జిల్లా పిట్ట కథే చెబుతుంది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో చివరిసారి చూసినట్టు రాశారు. ఆ తర్వాత అది అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర అది మళ్లీ దొరికింది. దాన్ని వెతుకుతున్నది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. పట్టి తెచ్చింది ఐతన్న, ఆ ఊళ్ల దగ్గర పిట్టలు పట్టుకుని బతికే మనిషి. పిట్ట రాత్రిపూట తిరిగేది. దాని తావు రాత్రి ఆ కంపల్లో నడిచినవాడికి తెలుస్తుంది గాని, పగలు జీపులో వచ్చినవాడికి తెలియదు. ఆ పిట్ట బతకలేదు. కాని దాని కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇక్కడ కళావిమర్శకు సంబంధించిన విషయం ఒకటుంది. ఆ అన్వేషణలో పిట్ట బొమ్మ పట్నం నుంచి పల్లెకు వచ్చింది. దాన్ని చూపించి, మీరు దీన్ని చూశారా అని అడిగారు. బొమ్మ ఒక ప్రశ్నగా వచ్చింది, జవాబు ప్రజల దగ్గర ఉంది. మామూలుగా మన ప్రకృతి ఫోటో ఇందుకు ఎదురుదారిన పోతుంది. అడవిలోంచి హాలుకు వచ్చి, గోడమీద మెచ్చుకోలు పొంది, అక్కడే ఆగుతుంది. చిత్రం తీసినచోట పశువులు కాసేవాడికి ఆ చిత్రం చూసే అవకాశం ఎప్పుడైనా కలిగిందా?

మరొకటి. కలివికోడి ఉండేది మనిషి కాలుపెట్టని అడవిలో కాదు. మధ్యమధ్య నేల కనపడే పలచటి కంపలో. మేతా కంపకొట్టుడూ మితిమీరితే దానికి చోటు ఉండదు. అవి పూర్తిగా ఆగిపోయి పొదలు కమ్ముకున్నా ఉండదు. అక్కడ పరిశోధన చేసినవాళ్లు తేల్చిన సంగతి ఇది. అంటే మేకలకాపరి, కట్టెలు కొట్టే ఆడమనిషి ఆ పిట్టకు శత్రువులు అని ఒక్కమాటలో కొట్టిపారేయడానికి లేదు. ఆ నేపథ్యంలో వాళ్లు ఉన్నారు. వాళ్లను మసక చేసిన ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా అందులో సగం అబద్ధం ఉంది.

లెక్చరరు గారి దగ్గర కలివికోడి ఫోటో లేదు. ఉండడం కష్టం కూడా. అది చెక్కబొమ్మల బల్లమీద ఉంది. మెడకింద రెండు పట్టీలు, కంటిపైన తెల్లగీత సరిగ్గా కుదిరాయి. కాళ్లు మాత్రం లావు. తీగతో కాళ్లు పెట్టొచ్చు కదా అంటే ఆయన ఒప్పుకోలేదు. చెక్కకు చెక్క కాళ్లే ఉండాలట. అదీ ఒక పట్టుదలే, నాకు నచ్చలేదు. ఆయన చెక్కిన పులి, గద్ద ఇంకా నచ్చలేదు. అవి కాలెండరు పులి, కాలెండరు గద్ద. కొండపల్లి పనివాళ్లు తేలికైన పొణికి చెక్కలో, విడిభాగాలు అతికి, తరతరాల నుంచి తీసుకువచ్చిన రూపాల ముందు ఇవి నిలవవు. అక్కడ రూపం ఒక సమూహం కూడబెట్టుకున్నది, ఇక్కడ అచ్చు పుస్తకంలోంచి అరువు తెచ్చుకున్నది.

కాని ఆయన కళ్లారా చూసిన జీవాల దగ్గర ఉలి మాట్లాడింది. తొండ, ఉడుము, ముంగిస. ముంగిసను పాత కాడిమానులోంచి చెక్కారు. పలుపుతాడు ఏళ్ల తరబడి ఒరుసుకుని నునుపెక్కిన చోటును అలాగే ఉంచి దాన్ని ముంగిస నడుముగా మలిచారు. శీల దిగిన రంధ్రం పక్కటెముకల దగ్గర ఉంది, పూడ్చలేదు. ఎద్దు మెడా, రైతు చెయ్యీ, ముంగిసా ఒకే చెక్కలో ఉన్నాయి. ఇది ఆయన ఆలోచించి చేశారో, కాడిమాను గట్టిగా ఉండి ఉలి దిగక చేశారో చెప్పలేను. ఏదైనా ఫలితం మంచిది. బొమ్మల కింద అట్టముక్కలమీద చెక్క ఎక్కడిదో రాశారు: పాత గడప, బండి ఆకు, గాలివానకు పడిన వేప.

ఒక పెద్దమనిషి, ఎర్రచందనంలో చెక్కితే రేటు వస్తుంది గదా అన్నాడు. తిరుపతి వైపు ఎర్రచందనం బొమ్మలకు పేరున్నమాట నిజమే. ఆయన తల అడ్డంగా తిప్పి ఊరుకున్నారు. ఆ కర్ర అంతర్జాతీయ వ్యాపారంమీద 1995 నుంచి ఆంక్షలున్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చి చెట్టు కొట్టినవాళ్లని పోలీసులన్నారు. దాన్ని కొనేవాళ్లెవరూ ఆ రోజు అడవిలో లేరు. చెక్క కూడా వస్తువులో భాగమే అని నేను అనేది ఇందుకే. ఏ చెక్క అన్నది పనితనానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

ఇంత అన్నాక లెక్చరరు గారికి ఒక న్యాయం చెయ్యాలి. తలుపు పక్కన, ఎవరూ ఆగని చోట, ఆయన ఒక ఫోటో తగిలించారు. అది వీరాపురంలో తీసింది. అక్కడ ఊరి మధ్య చింతచెట్లమీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ రానివ్వరు. (పత్రికలు వీటిని సైబీరియా కొంగలని రాస్తుంటాయి. మన దేశంలోనే పుట్టి పెరిగే పిట్టకు పరాయి పౌరసత్వం ఇస్తే తప్ప మనకు గొప్ప అనిపించదు కాబోలు.) చిత్రంలో కొమ్మమీద కొంగ పిల్లకు మేత పెడుతోంది. కింద దండెంమీద చీర ఆరుతోంది, ఒక ముసలమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. కొంగ రోజూ ఉండేదే గదా! నేపథ్యం మసకబారలేదు, వెలుతురు కొంచెం ఎక్కువైంది, ఒక మూల గోడ వంకర పోయింది. దీన్ని పోటీకి ఎందుకు పంపలేదంటే, మనిషి ఉందండీ, తీసుకోరు అన్నారు. కొంగలకు సడలింపు ఉందన్న సంగతి ఆయనకు తెలియదు.

ప్రదర్శన తర్వాత ప్రొద్దుటూరులో పెడతారట. అక్కడ ఆ ఫోటోను గోడ మధ్యకు తెచ్చి, దాని పక్కన ముంగిసను ఉంచమని ఇద్దరికీ చెప్పాను. వడ్రంగి వెంటనే సరేనన్నారు. లెక్చరరు గారు ఆలోచించి చెబుతానన్నారు.