విప్పే చేతి విలువ

పాత కారుకు కొత్త రంగు కొట్టేవాళ్లు హైదరాబాదులో ఏ బస్తీలోనైనా దొరుకుతారు. ఉన్న రంగు మీద గీత పడకుండా బంపరు, బీడింగు, లోగో విప్పగలిగేవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. తుక్కుగూడ దాటి మహేశ్వరం వైపు వెళ్తే రేకుల షెడ్ల కింద ఇంకా అంబాసిడర్లు, ఫియట్లు కనబడుతుంటాయి. వాటిని మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు ముందు రంగు రేటు అడుగుతారు. విప్పేది ఎవరని అడిగితే ఇంకా మంచిది.

అంబాసిడర్ ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది కాబట్టి సామాను ఇప్పటికీ ఏదో ఒక మూల దొరుకుతుంది. ఫ్యాక్టరీలో పడిన రంగు మాత్రం పోతే పోయినట్టే. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ సంగతి మరీ కష్టం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి 1911లో కన్నుమూస్తే, బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ కారు 1912లో తయారైంది. అలాంటి బండి మీది నగిషీ ఒక్కటి విరిగినా మళ్లీ పోత పోయించుకోవాల్సిందే.

పని నీళ్లతో మొదలవుతుంది. వెంచర్ల ఎర్రమట్టి బండి మీద ఉండగా చెయ్యేస్తే ఆ మట్టే గీతలు పెడుతుంది. కడిగి, నీడలో ఆరనిచ్చి, విప్పబోయే ముక్క చుట్టూ మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు అంటించాలి. ఉంగరాలు, వాచీ, బెల్టు తీసి పక్కన పెట్టాలి. సగం గీతలు బెల్టు బకిల్ వల్లే పడతాయని నా అనుమానం.

తుప్పు పట్టిన నట్లకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. పొద్దున ముందు కాస్త బిగించే వైపు తిప్పి, పట్టు వదిలాకే విప్పే వైపు తిప్పాలి. పానా జారితే నేరుగా రంగు మీదే పడుతుంది కాబట్టి ఆరు మూలల సాకెట్టు వాడటం మేలు. బంపరుకు ఇద్దరు మనుషులు, ఒక పాత దుప్పటి కావాలి. ఆఖరి నట్టు ఊడకముందే దాని బరువు చేతుల మీదికి రావాలి. లేదంటే ఒక కొస కిందికి జారి, రెండో కొస మడ్‌గార్డును గీరుతుంది.

అసలు ఓపిక కావాల్సింది డిక్కీ మీది అక్షరాల దగ్గర. అవి చాలావరకు మజాక్ అనే జింకు మిశ్రమలోహపు పోతవి. వెనక సన్నటి పిన్నులుంటాయి, వాటిని లోపలి నుంచి స్ప్రింగు బిళ్లలు పట్టి ఉంచుతాయి. బయటి నుంచి స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తారా, పిన్ను విరుగుతుంది, రేకు సొట్టపోతుంది, రంగు పెచ్చు లేస్తుంది. డిక్కీ తెరిచి బిళ్లలను లోపలి నుంచే మెల్లగా తిప్పి తీయాలి. మొండికేస్తే బిళ్లనే కత్తిరించాలి, అది కొత్తది దొరుకుతుంది. అప్పటికీ అక్షరం కదలదు, ఏళ్ల నాటి పాలిషు, మట్టి గట్టిపడి దాన్ని పట్టుకుని ఉంటాయి. హెయిర్ డ్రయ్యరుతో చెయ్యి ఓర్చుకునేంత వేడి చూపించి, గాలానికి కట్టే నైలాన్ దారాన్ని వెనకగా పెట్టి రంపంలా ఆడిస్తే అక్షరం దానంతటదే చేతిలోకి వస్తుంది. మిగిలిన మురికికి థిన్నరు జోలికి పోకూడదు, పాత లక్కరు రంగు దానికి కరిగిపోతుంది. కిరసనాయిలైనా సరే ముందు కనబడని చోట రుద్ది చూడాలి.

పొడుగాటి బీడింగును ఒక కొస నుంచి లాగితే వంగిపోతుంది, ఆ వంకర మళ్లీ తీరదు. క్లిప్పు ఎక్కడుందో చేత్తో తడిమి చూసి, గుడ్డ చుట్టిన వెదురు బద్దతో క్లిప్పు దగ్గరే ఎత్తుతూ పోవాలి. అద్దం చుట్టూ రబ్బరు ఎలాగూ మార్చేదే అయితే దాన్ని కోసేయడమే సుఖం, బ్లేడు మొన మాత్రం అద్దం వైపు ఉండాలి.

విప్పిన స్క్రూలు ఏ ముక్కవి ఆ ముక్కతో విడి కవర్లో వేసి, కుడో ఎడమో రాసి పెట్టాలి. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి. కొంచెం పొడుగున్న స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే, లోపలి నుంచి రేకును పొడుస్తుంది. బయట రంగు మీద బొడిపె తేలాక గానీ సంగతి తెలియదు.