దూలానికి వెన్నానించిన దేవదూతలు

పాత చర్చిలో అడుగుపెట్టగానే నా చూపు బలిపీఠం మీదికి పోదు, కప్పు మీదికి పోతుంది. ఎవరూ లేకపోతే బల్ల మీద వెల్లకిలా పడుకుని మరీ చూస్తాను. తూర్పు ఇంగ్లాండులో, సఫోక్ ప్రాంతపు బ్లైత్‌బర్గ్ ఊళ్లో హోలీ ట్రినిటీ చర్చి ఉంది. అక్కడ అలా ఓ గంట గడిపాను.

చిన్న ఊరు. చుట్టూ బ్లైత్ నది సముద్రంలో కలిసే చోటి బురదనేలలు, రెల్లు. అంత ఊరికి అంత పెద్ద చర్చి! బురుజు పాతది, మిగతాదంతా 15వ శతాబ్దపు కట్టడం. సఫోక్‌లో కట్టుబడికి మంచి రాయి దొరకదు, చెకుముకి రాయి మాత్రం కావలసినంత. దాన్నే పగలగొట్టి, నల్లగా మెరిసే ముఖాన్ని బయటికి తిప్పి, వేరే చోటినుంచి తెప్పించిన లేతరంగు రాతి చట్రాల్లో పొదిగారు. లేమి అంత అందంగా మారడం నేను మరెక్కడా చూడలేదు.

కప్పు దాదాపు చదునుగా ఉంటుంది. దానికి కారణం సీసం. గడ్డి కప్పుకి నీళ్లు జారడానికి నిటారు వాలు కావాలి. సీసపు రేకులకి అది పనికిరాదు, సొంత బరువుకే అవి మెల్లగా కిందికి సాగిపోతాయి. వాలు తగ్గేసరికి గోడలను పైకి లేపి, పై అంచున కిటికీల వరుస పెట్టుకోవడానికి చోటు దొరికింది. ఆ వెలుగు నేరుగా దూలాల మీద పడుతుంది. దూలాల నడిమిన వీపూ వీపూ ఆనించుకున్న జంట దేవదూతలు, ఒకరు తూర్పుకి, ఒకరు పడమరకి, రెక్కలు చాచి. పాత రంగులు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ రోజుల్లో వడ్రంగులు ఓక్ కొయ్యను ఆరబెట్టకుండా, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. పచ్చి కొయ్య ఉలికి లొంగుతుంది. కొయ్యచీలలు దిగ్గొట్టి పైకెక్కించాక, అది ఏళ్ల తరబడి ఆరుతూ ముడుచుకుని అతుకులను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. కట్టినవాళ్లు పోయాక కూడా కట్టడం బిగుసుకుంటూనే ఉందన్నమాట.

1577 ఆగస్టు 4న తుఫానుకి గోపుర శిఖరం కూలింది. ఒక మనిషి, ఒక కుర్రాడు చనిపోయారు. ఉత్తరపు తలుపు మీది కాలిన మచ్చలు ఆ రోజు వచ్చిన దయ్యపు నల్లకుక్క గోళ్లవని జనం చెప్పుకుంటారు.

దేవదూతల మీదా అలాంటి కథ ఒకటుంది. వాటి ఒంట్లో సీసపు గుళ్లు దొరికాయి. 1644లో చర్చిల్లో బొమ్మలను సహించని ప్యూరిటన్ విలియం డౌసింగ్ ఇక్కడికి వచ్చి, 20 దేవదూతలను దించేయమని ఆజ్ఞాపించిన మాట నిజం. అందుకే ఆ గుళ్లు అతని మనుషులు పేల్చినవే అనేవారు. నేనూ నమ్మి, స్నేహితులకి చెప్పాను. తరవాత చర్చి బాగోగులు చూసే వార్డెన్ల జమాఖర్చుల సంగతి చదివాను. 1761లో, కప్పులో చేరిన జాక్‌డా కాకులను కొట్టడానికి మందుగుండుకి డబ్బిచ్చారట. విరోధి కథ పోయినందుకు ముందు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు ఈ కథే నాకు ఇష్టం. ఆ గుళ్లు కప్పును కాపాడాలనుకున్నవాళ్లవి. కట్టిన మూడు వందల ఏళ్లకి కూడా ఎవరో రెట్ట గురించి, గూళ్ల గురించి బెంగపడి, పద్దు రాసుకున్నారు.

ఇంగ్లాండు పల్లె చర్చిలు చాలావాటి తలుపు మీద, పిట్టలు లోపలికి రాకుండా తలుపు వేసి వెళ్లమని రాసి ఉంటుంది. ఒకప్పుడు ఆ కాగితాన్ని పట్టించుకునేదాన్ని కాను. ఇప్పుడు గడియ పడిన చప్పుడు వినిపించేదాకా ఆగి, ఒకసారి లాగి చూసి మరీ కదులుతున్నాను.