లిపిపఠనము – పాఠనిర్ణయము

పూర్వము నెల్లూరు జిల్లాలో నుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన చిట్టమూరు మండలమున మల్లాము సుబ్రహ్మణ్యేశ్వరాలయము కలదు. అందు పల్లవ చోళుల కాలపు తమిళ శాసనము లున్నవి. తెలుగు మాత్రమే నేర్చినవాడు వాని యెదుట నిలిచినచో గీతలు కనబడును గాని మాట కనబడదు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు 1905లో ప్రకటించిన నెల్లూరు శాసనసంపుటములలోని తెలుగు పాఠములను చూచునపు డిందుకు విపర్యయము. మాటయే కనబడును, గీత మరుగగును. పాఠపరిష్కర్తకు ఈ రెండవ స్థితియే యెక్కువ ప్రమాదకరమని మా యభిప్రాయము.

ఎడమ మెదడు చదువుననియు, కుడిమెదడు బొమ్మలు చూచుననియు లోకమున నొక మాట కలదు. అది సగము సత్యము. వ్రాయగలిగియు తాను వ్రాసినదానినే చదువలేని యొక రోగిని ఫ్రెంచి వైద్యుడు డెజరీన్ 1892లో వర్ణించెను. ఆ రోగికి ఎడమవైపు దృష్టిస్థానమును, రెండర్ధములను కలుపు నాడీసేతువు వెనుకభాగమును చెడినవి. కుడి యర్ధము చూచుచునే యున్నది. ఆ చూపు భాషాస్థానమును చేరు త్రోవ తెగినది. కావున పఠన మొక యర్ధపు సొత్తు గాదు.

1992లో మార్సొలెక్, కాస్లిన్, స్క్వైర్ అను పరిశోధకులు మరియొక విశేషమును చూపిరి. కుడి యర్ధము మాటను చూచిన రూపముతోనే నిలుపుకొనును. ఎడమ యర్ధము రూపభేదమును విడిచి అక్షరమును గ్రహించును. ఆ ప్రయోగము రోమను లిపిపై జరిగినది. తెలుగునకు యథాతథముగ అన్వయింపరాదు. ‘స్త్రీ’ యను నొక్క యక్షరమున గుడిదీర్ఘము తలపై నుండియు ఉచ్చారణమున చివర వచ్చును; వత్తులు క్రింద నుండును. ఇట్టి లిపిలో రూపగ్రహణమునకు పని తక్కువ కాదు.

విమర్శకుల కిందలి ప్రయోజన మేమి? శిథిలమైన తావున ‘వాడి’ యని యున్నను, గోదానప్రసంగ మగుటచే పరిష్కర్త ‘పాడి’ యని చదువవచ్చును. అది కంటి దోషము గాదు. తెలిసిన మాట కంటిని మించుటయే. సందర్భశుద్ధి గల పాఠమే సరియని వాదించువారు ఈ ప్రమాదమును గణింపరు. సందర్భము సాక్షియే గాని న్యాయాధిపతి గాదు.

కావున పరిశోధకవిద్యార్థులకు మేము చెప్పున దింతే: అర్థ మూహించుటకు ముందే గీతను గీతగా వ్రాసికొనవలెను. సందేహమున్న పంక్తిని చివరినుండి మొదటికి అక్షరముగ చదువవలెను. పిమ్మట మాటను విచారింపవలెను. చూపునకును భాషకును సమానముగ పని నిచ్చిననే పాఠము నిలుచును.